ఉల్లేఖనల లెక్క, పాండిత్యపు విలువ

(ఎస్.ఆర్. రంగనాథన్ స్మారకోపన్యాస పాఠం)

షియాళి రామామృత రంగనాథన్ గారి జయంతిని దేశమంతా ఆగస్టు 12న గ్రంథపాలకుల దినోత్సవంగా జరుపుకుంటోంది. ఈ సందర్భం తెలుగువారికి మరీ దగ్గరిది. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం ఏర్పడేనాటికి రంగనాథన్ మద్రాసులో ఇంకా గణితం చదువుకుంటున్న యువకుడు. అప్పటికే అయ్యంకి వెంకటరమణయ్య గారు, ఆయన సహచరులు పుస్తకాన్ని పల్లె ముంగిటికి చేర్చే పనిలో ఉన్నారు. ఇక్కడ ఉద్యమంగా పెరిగిన దానికి తరువాతి కాలంలో రంగనాథన్ శాస్త్రరూపం ఇచ్చారు.

ఆయన గణితం బోధించి, 1924లో మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథాలయానికి వచ్చారు. అందుకే ఆయనకు లెక్క పరాయిది కాదు. 1948లో ఇంగ్లండులోని లెమింగ్టన్ స్పాలో జరిగిన అస్లిబ్ సమావేశంలో గ్రంథాలయ సేవలకు సంఖ్యాశాస్త్రాన్ని వర్తింపజేయాలని ప్రతిపాదించి, ఆ విద్యకు లైబ్రామెట్రీ అని పేరు పెట్టారు. పుస్తకం వాడుకకే ఉన్నదన్నది 1931లో ఆయన ప్రకటించిన అయిదు సూత్రాల్లో మొదటిది. చదువరి కాలాన్ని ఆదా చేయాలన్నది నాలుగోది. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే ఆయన కోరిన లెక్క ఎవరి కోసమో తెలుస్తుంది. అది చదువరి కోసం. చదువరికి పుస్తకం త్వరగా, తేలికగా దొరకడానికి ఏం చేయాలో తెలుసుకునే లెక్క అది.

ఈనాడు విశ్వవిద్యాలయాల్లో నడుస్తున్న లెక్క వేరు. ఒక అధ్యాపకుడి పరిశోధనను ఎందరు ఉల్లేఖించారు, ఆయన హెచ్-ఇండెక్స్ ఎంత, వ్యాసం అచ్చయిన పత్రిక ఇంపాక్ట్ ఫ్యాక్టర్ ఎంత, సామాజిక మాధ్యమాల్లో దాన్ని ఎందరు పంచుకున్నారు అన్న అంకెలను బట్టి నియామకాలు, పదోన్నతులు, నిధులు, సంస్థల ర్యాంకులు తేలుతున్నాయి. ఈ పరిణామం గురించి నేను చెప్పదలచినది ఒక్కటే. ఉల్లేఖనల సూచి చదువరికి దారి చూపడానికి పుట్టింది. అది పరిపాలకుడి చేతికి వెళ్లి మనిషిని తూచే తక్కెడగా మారింది. ఆ ప్రయాణంలో ఒక పండితుడు మరొకరిని ఎందుకు ప్రస్తావించాడన్నది రాలిపోయి, ఎన్నిసార్లు ప్రస్తావించాడన్నది మాత్రమే మిగిలింది. ఆ 'ఎందుకు' తిరిగి రాకుండా ప్రభావాన్ని ఏ అంకె కొలవలేదని నా విశ్వాసం.

ప్రస్తావన మన విద్యా సంప్రదాయానికి కొత్తది కాదు. మెదక్ సీమవాడైన మల్లినాథసూరి మహాకావ్యాలకు వ్యాఖ్యానం రాస్తూ, ఆధారం లేనిది రాయననీ అవసరం లేనిది చెప్పననీ మొదటే మాట ఇచ్చాడు. నిఘంటువును, వ్యాకరణాన్ని, అలంకారశాస్త్రాన్ని పేరుపేరునా చూపుతూనే ఆయన వ్యాఖ్య నడుస్తుంది. శాస్త్రగ్రంథాల్లో పూర్వపక్షానికి మరింత కఠినమైన నియమం ఉంది. ఖండించదలచిన వాదాన్ని ముందు దాని పూర్తి బలంతో చెప్పాలి. ఆ తరువాతే సిద్ధాంతం. కాబట్టి ఒక ఆచార్యుడి పేరు గ్రంథంలో కనబడగానే చదివేవాడు అడిగే మొదటి ప్రశ్న, ఆయన పూర్వపక్షంలో ఉన్నాడా సిద్ధాంతంలో ఉన్నాడా అని. ఈ రెండింటినీ కలిపి కూడే ఆలోచన ఎవరికీ రాలేదు.

మన లాక్షణికుల దగ్గరా ఇదే పద్ధతి. పదిహేడో శతాబ్దంలో కాకునూరి అప్పకవి ఒక ఛందోనియమాన్నో వ్యాకరణ విశేషాన్నో చెప్పి, దానికి పూర్వకవుల ప్రయోగాలను లక్ష్యాలుగా చూపాడు. కొన్నిటిని ప్రమాణంగా స్వీకరించాడు, కొన్నిటిని తప్పన్నాడు. పెదపాటి జగ్గన సంకలనం ప్రబంధరత్నాకరంలో, గ్రంథం పూర్తిగా నశించి కొన్ని పద్యాలతో మాత్రమే మిగిలిన కవులున్నారు. వాళ్లకు ఆ కొద్ది ఉల్లేఖనలే జీవితం. ఒక్కసారి, ఒక్క చోట, తెలిసినవాడు ఎంపిక చేసి ఉదాహరించినందువల్ల ఒక కవి అయిదు వందల ఏళ్లు దాటి మన దాకా వచ్చాడు. ఎవరు ఉదాహరించారు, ఏ విచక్షణతో ఉదాహరించారు అన్నవాటికి ఉన్న బరువు ఇక్కడ సంఖ్యకు లేదు.

పాశ్చాత్యదేశాల్లో ఆధునిక ఉల్లేఖన సూచి మొదట శాస్త్రజ్ఞుల దగ్గర కాక న్యాయవాదుల దగ్గర పుట్టింది. 1873లో అమెరికాలోని ఇలినాయ్‌లో ఫ్రాంక్ షెపర్డ్ అనే వ్యక్తి, ఒక తీర్పును తరువాతి తీర్పులు ఎక్కడెక్కడ ప్రస్తావించాయో జిగురు పూసిన చిన్న కాగితాలపై అచ్చువేసి, న్యాయగ్రంథాల అంచుల్లో అంటించుకోవడానికి అమ్మడం మొదలుపెట్టాడు. ఆ వరుసలో పెరిగిన సూచిలో ఒక గొప్ప ఏర్పాటు ఉంది. తరువాతి న్యాయస్థానం పాత తీర్పును అనుసరించిందా, వేరుచేసి చూసిందా, కొట్టివేసిందా అన్నది సంకేతాక్షరాలతో తెలుస్తుంది. న్యాయవాదికి కావలసింది కూడా అదే. కొట్టివేసిన తీర్పును నూరుసార్లు ప్రస్తావించినా దాన్ని పట్టుకుని కోర్టు మెట్లెక్కడం ప్రమాదం.

1927లో కాలిఫోర్నియాలోని పమోనా కళాశాలకు చెందిన గ్రాస్ అనే ఇంటిపేరు గల ఇద్దరు పరిశోధకులు, ఒక రసాయనశాస్త్ర పత్రికలోని అడుగు జ్ఞాపికలను లెక్కించి సైన్స్ పత్రికలో వ్యాసం రాశారు. చిన్న కళాశాల గ్రంథాలయం తన కొద్ది డబ్బుతో ఏ పత్రికలు తెప్పించుకోవాలన్నది వారి ప్రశ్న. ఇది అచ్చమైన గ్రంథపాలకుడి ప్రశ్న. 1955లో అదే సైన్స్ పత్రికలో యూజీన్ గార్‌ఫీల్డ్ విజ్ఞానశాస్త్రాలన్నిటికీ ఉల్లేఖన సూచి ఉండాలని ప్రతిపాదించాడు. ఆయనకు నమూనా షెపర్డ్ న్యాయసూచే. పాత వ్యాసాన్ని తరువాత ఎవరు విమర్శించారో, ఎవరు సరిదిద్దారో తెలియకుండా దాన్ని గుడ్డిగా వాడుకునే ప్రమాదం తప్పాలన్నది ఆయన మొదటి ఉద్దేశం. ఫిలడెల్ఫియాలో ఆయన స్థాపించిన సంస్థ నుంచి 1964లో సైన్స్ సైటేషన్ ఇండెక్స్ వెలువడింది. అయితే లక్షల వ్యాసాలను యంత్రంతో సూచీకరించే పనిలో షెపర్డ్ సంకేతాక్షరాలకు చోటు లేకపోయింది. ఒప్పుకోలు, ఖండన, మర్యాద కోసం తలచుకోవడం, పద్ధతిని అరువు తెచ్చుకోవడం అన్నీ ఒకే గీతగా నమోదయ్యాయి. ఒక రచయిత మరొకరిని ఉల్లేఖించడానికి గల కారణాలను పదిహేను దాకా గార్‌ఫీల్డే స్వయంగా జాబితా వేశాడు. ఆ పదిహేనూ ఆయన సూచిలో ఒక్కటయ్యాయి.

నేను ఆయనను తప్పుపట్టడం లేదు. ఆ సూచి లేకపోతే ఈనాటి పరిశోధకుడికి సాహిత్య సమీక్ష ఎంత కష్టమో ఇక్కడున్న గ్రంథపాలకులకు తెలుసు. తరువాతి ఘట్టమే విచారించవలసినది. సూచిలో ఏ పత్రికలను చేర్చాలో తేల్చుకోవడానికి ఇంపాక్ట్ ఫ్యాక్టర్ పుట్టింది. ఒక పత్రిక గత రెండేళ్లలో ప్రచురించిన వ్యాసాలకు ఈ ఏడాది వచ్చిన ఉల్లేఖనలను ఆ వ్యాసాల సంఖ్యతో భాగిస్తే వచ్చేదే ఆ అంకె. 1975 నుంచి అది పత్రికల పట్టికగా వెలువడుతోంది. అది సగటు మాత్రమే. ఏ పత్రికలోనైనా కొద్ది వ్యాసాలు ఎక్కువ ఉల్లేఖనలు పొందుతాయి, ఎక్కువ వ్యాసాలు తక్కువ పొందుతాయి. ఆ సగటును తెచ్చి ఒక్కొక్క రచయిత నుదుట అంటించడానికి గణితంలో ఏ ఆధారమూ లేదు. 2005లో హోర్హే హిర్ష్ అనే భౌతికశాస్త్రవేత్త హెచ్-ఇండెక్స్‌ను ప్రతిపాదించాడు. ఇరవై వ్యాసాలకు ఒక్కొక్కదానికి కనీసం ఇరవై ఉల్లేఖనలుంటే ఆ పండితుడి సూచి 20. జీవితమంతా ధారపోసి మూడు మహాగ్రంథాలు మాత్రమే రాసినవాడి సూచి, లోకమంతా ఆయనను ఉల్లేఖించినా, మూడు దాటదు.

మన దేశంలో 2010 నాటి విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) నిబంధనలు అధ్యాపకుల పనిని ఏపీఐ (విద్యా పనితీరు సూచిక) మార్కులుగా మార్చాయి. 2018 నిబంధనల పట్టికలో పత్రిక ఇంపాక్ట్ ఫ్యాక్టర్‌ను బట్టి వ్యాసపు మార్కులు మెట్లుమెట్లుగా పెరుగుతాయి. పీహెచ్‌డీ సిద్ధాంతగ్రంథం సమర్పించాలంటే ముందుగా ఒక వ్యాసం అచ్చు కావాలన్న నియమం 2022 దాకా ఉండేది. వీటి వెనక సదుద్దేశం ఉంది. బంధుప్రీతి, కులప్రీతి, పైరవీ నియామకాలను శాసించిన చోట ఎవరికైనా కనబడే అంకె కొంత రక్షణ అవుతుందని నమ్మిన నిజాయితీపరులు నాకు తెలుసు. పెద్ద సంస్థల అండ లేని జిల్లా కళాశాల అధ్యాపకుడికి అంకె ఒక ఆయుధమైన సందర్భాలూ ఉన్నాయి. ఆ మేలును నేను కాదనను.

కాని డిమాండు పుట్టిన చోట సరుకు పుట్టింది. డబ్బు తీసుకుని, సమీక్ష లేకుండా, వారం తిరగకుండా వ్యాసం అచ్చువేసే పత్రికలు వీధివీధినా వెలిశాయి. యూజీసీ తన ఆమోదిత జాబితాలో నుంచి 2018 మే నెలలో ఒక్కసారిగా 4,305 పత్రికలను తొలగించవలసి వచ్చింది. హైదరాబాదు కేంద్రంగా పనిచేసిన ఒక ప్రచురణ సంస్థ పరిశోధకులను మోసపుచ్చిందని నిర్ణయించి, 2019లో అమెరికా ఫెడరల్ న్యాయస్థానం 5 కోట్ల డాలర్లకు పైగా చెల్లించాలని తీర్పు చెప్పింది. ఆ వార్త చదివిననాడు నాకు కలిగిన బాధ ఇప్పటికీ తగ్గలేదు. ఆ పత్రికలకు వ్యాసాలు పంపినవారందరూ అక్రమార్కులు కారు. నియమం అడిగినదాన్ని తెచ్చి ఇవ్వడం తప్ప దారి కనబడని పిల్లలు వారిలో ఎందరో. మంచి పత్రికలను గుర్తించడానికి వచ్చిన యూజీసీ కేర్ జాబితా కూడా 2025 ఫిబ్రవరిలో ఆగిపోయింది. బ్రిటిష్ ఆర్థికవేత్త చార్ల్స్ గుడ్‌హార్ట్ 1975లో ద్రవ్యవిధానం గురించి ఒక సంగతి గమనించాడు. కొలమానాన్ని అదుపుకు సాధనంగా వాడగానే అది అంతకుముందు చూపిన నిజాన్ని చూపడం మానేస్తుంది. మానవశాస్త్రవేత్త మెరిలిన్ స్ట్రాథర్న్ 1997లో ఆ పరిశీలనను విశ్వవిద్యాలయాలకు అన్వయించింది. మనం దాన్ని మన పిల్లల మీద ప్రయోగించి రుజువు చేశాం.

ఈ స్థితిలో సామాజిక మాధ్యమాల కొలతలు ప్రత్యామ్నాయంగా ముందుకు వచ్చాయి. 2010లో జేసన్ ప్రీమ్, మరి ముగ్గురు కలిసి ఆల్ట్‌మెట్రిక్స్ ప్రణాళికను ప్రకటించారు. ఉల్లేఖన రావడానికి ఏళ్లు పడుతుంది, ఈలోగా పరిశోధనను చదివేవారు, దాచుకునేవారు, చర్చించేవారు ఆన్‌లైన్‌లో ఆనవాళ్లు వదులుతారు, వాటిని లెక్కించాలన్నది వారి వాదం. విద్యాలయాల బయటి చదువరిని మొదటిసారి లెక్కలోకి తీసుకున్న వాదం అది. దాన్ని నేను గౌరవిస్తాను. రైతు, నర్సు, బడిపంతులు పరిశోధనను చదివితే అది ఏ ఉల్లేఖన సూచిలోనూ కనబడదు కదా.

ఆచరణలో కనబడింది మరొకటి. 2020 జనవరి 31న కొత్త కరోనా వైరస్‌కు హెచ్‌ఐవీకి పోలికలున్నాయంటూ ఢిల్లీ పరిశోధకులు కొందరు ఒక ముసాయిదా వ్యాసాన్ని ఆన్‌లైన్‌లో ఉంచారు. నిపుణులు తీవ్రంగా విమర్శించడంతో రెండు రోజుల్లోనే ఉపసంహరించుకున్నారు. ఈలోపే అది ప్రపంచమంతా పాకింది. విమర్శించినవారి ప్రతి మాట కూడా దాని ఆన్‌లైన్ ప్రాచుర్యానికే జమపడింది. వ్యాసం తప్పని చెప్పడం కూడా దాన్ని మోయడమే అయ్యే లెక్క ఇది. ఎంఎంఆర్ టీకాకు ఆటిజంతో సంబంధం అంటగట్టి 1998లో లాన్సెట్‌లో అచ్చయి, 2010లో రద్దయిన వ్యాసానికి ఉల్లేఖనల్లోనూ ఇదే గౌరవం దక్కింది. ఆ వ్యాసం చేసిన హాని వైద్యలోకానికి తెలుసు. అంకెకు తెలియదు.

2014లో నీల్ హాల్ అనే జన్యుశాస్త్రవేత్త ట్విట్టర్ అనుచరుల సంఖ్యకు ఉల్లేఖనల సంఖ్యకు మధ్య తేడాను చూపే ఒక సూచిని వ్యంగ్యంగా ప్రతిపాదించాడు. దాన్ని కొందరు నిజమైన కొలమానంగానే చర్చించారు. వ్యాసాన్ని ట్వీట్ చేస్తే ఉల్లేఖనలు పెరుగుతాయా అని నియంత్రిత ప్రయోగం చేసి చూసిన ఒక బృందం, మూడేళ్ల తరువాత చెప్పుకోదగ్గ తేడా కనబడలేదని 2024లో ప్లాస్ వన్ పత్రికలో రాసింది. మరో సంగతి. ఈ కొలతలకు ముడిసరుకు ప్రైవేటు కంపెనీల చేతుల్లో ఉంది. 2023లో ట్విట్టర్ తన సమాచారాన్ని ఉచితంగా ఇవ్వడం ఆపగానే దాని మీద ఆధారపడిన పరిశోధనలెన్నో ఇబ్బందుల్లో పడ్డాయి. పండితుడి విలువను అలాంటి చోట కుదువ పెట్టకూడదు.

ఇక మన మనుషుల దగ్గరికి వద్దాం. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి కలకత్తా వెళ్లిన కల్యంపూడి రాధాకృష్ణారావు గారు పాతికేళ్ల వయసులో, 1945లో, కలకత్తా గణితశాస్త్ర సంఘం బులెటిన్‌లో ఒక వ్యాసం ప్రచురించారు. అంచనాలో ఎంతటి కచ్చితత్వం సాధ్యమో చెప్పే క్రామర్–రావు అవధి, అంచనాను మెరుగుపరిచే రావు–బ్లాక్‌వెల్ సిద్ధాంతం, తరువాత సమాచార రేఖాగణితంగా విస్తరించిన ఆలోచనకు బీజం ఆ ఒక్క వ్యాసంలోనే ఉన్నాయి. 2023లో ఆయనకు 102 ఏళ్ల వయసులో అంతర్జాతీయ సంఖ్యాశాస్త్ర బహుమతి వచ్చింది. వ్యాసం వెలువడి అప్పటికి 78 ఏళ్లు. రెండేళ్ల కిటికీలోంచి చూసే ఇంపాక్ట్ ఫ్యాక్టర్‌కు ఇలాంటి వ్యాసాన్ని గుర్తించే శక్తి లేదు. నేటి పట్టికతో కూర్చున్న ఎంపిక సంఘం స్థానిక సంఘపు బులెటిన్‌ను అట్టడుగు వరుసలోనే పెడుతుంది. రాడార్ ఇంజనీరు, వైద్య గణాంకవేత్త ఆ అవధిని రోజూ వాడుతున్నారు. అడుగు జ్ఞాపికలో 1945 నాటి వ్యాసాన్ని పేర్కొనేవారు వారిలో కొద్దిమందే. ఆలోచన శాస్త్రపు నెత్తుటిలో కలిసిపోయినకొద్దీ దాని కర్తను ఉల్లేఖించడం తగ్గుతుందని సామాజికశాస్త్రవేత్త రాబర్ట్ మెర్టన్ ఏనాడో వివరించాడు. అంటే అత్యున్నత స్థాయి ప్రభావం దగ్గర అంకె తగ్గుముఖం పడుతుంది.

భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి చరిత్ర మరింత ఆలోచింపజేస్తుంది. ఫాస్ఫరస్‌ను రంగు ఆధారంగా కొలిచే పద్ధతిపై 1925లో హార్వర్డ్‌లో సహచరుడు ఫిస్కేతో కలిసి ఆయన రాసిన వ్యాసం, ప్రపంచంలో అత్యధికంగా ఉల్లేఖనలు పొందిన వ్యాసాల సరసన నిలిచింది. గార్‌ఫీల్డ్ జాబితాలే అందుకు సాక్ష్యం. అయినా హార్వర్డ్ ఆయనకు శాశ్వతమైన స్థానం ఇవ్వలేదు. 1940లో లెడర్లీ సంస్థకు వెళ్లారు. అక్కడ ఆయన నడిపిన పరిశోధనల నుంచి ఫోలిక్ ఆమ్లం సంశ్లేషణ, కేన్సర్ చికిత్సకు తొలితరం మందులుగా నిలిచిన ఫోలేట్ నిరోధకాలు, బోదకాలు మందు డైఈథైల్ కార్బమజీన్ (డీఈసీ) వచ్చాయి. తొలి టెట్రాసైక్లిన్ అయిన ఆరియోమైసిన్ ప్రకటన 1948లో ఆయన సహచరుడు డగ్గర్ పేరిట వెలువడింది. ఆ ఏడాదే సుబ్బారావు గారు కన్నుమూశారు. గోదావరి జిల్లాల్లో బోదకాలు నివారణకు ఇంటింటికీ తిరిగి ఆరోగ్య కార్యకర్తలు మింగించిన డీఈసీ మాత్ర ఆయన ప్రయోగశాల నుంచి వచ్చినదే. మాత్ర మింగిన మనిషి ఎవరినీ ఉల్లేఖించడు. ఫాస్ఫరస్ కొలిచే పద్ధతికి అంత పెద్ద అంకె వచ్చి, కాలు వాయకుండా బతికిన మనుషులకు ఏ అంకే రాకపోతే, లోపం కొలమానంలోనే ఉంది.

శాస్త్రాల సంగతి ఇదైతే మానవీయ శాస్త్రాల్లో, అందులోనూ తెలుగులో రాసినవారి సంగతి చెప్పనక్కరలేదు. సురవరం ప్రతాపరెడ్డి గారి ఆంధ్రుల సాంఘిక చరిత్ర 1949లో వెలువడింది. రాజుల యుద్ధాలను పక్కనపెట్టి సామాన్యుల తిండి, బట్ట, ఆట, నమ్మకం చరిత్ర అయ్యాయి. ఆ తరువాత తెలుగులో సాంఘిక చరిత్ర రాసిన ఎవరూ ఆ పుస్తకాన్ని దాటి వెళ్లలేదు. భద్రిరాజు కృష్ణమూర్తి గారు 2003లో కేంబ్రిడ్జి ప్రచురించిన ద్రావిడ భాషల గ్రంథం అంతర్జాతీయ సూచీల్లో కనబడుతుంది. ఆయన అంతకు నాలుగు దశాబ్దాల ముందు, ఊరూరా రైతుల నోటి మాటలు సేకరింపజేసి 1962లో తెచ్చిన వ్యవసాయ వృత్తిపదకోశం అక్కడ కనబడదు. ఒకే మనిషి, ఒకే నిష్ఠ. ఇంగ్లీషులో ఉన్నది లెక్కకు వచ్చింది, తెలుగులో ఉన్నది రాలేదు. ఈ తేడాను మన యువ పరిశోధకులు గమనిస్తున్నారు. తెలుగులో రాసిన మంచి వ్యాసం కన్నా ఎవరూ చదవని ఇంగ్లీషు వ్యాసానికే మార్కులు ఎక్కువని తెలిసినప్పుడు, మన భాషలో శాస్త్రచర్చ ఎలా బతుకుతుంది? నాకు అన్నిటికన్నా ఆందోళన కలిగించేది ఇదే.

ప్రపంచం ఈ సమస్యను గుర్తించకపోలేదు. 2013లో వెలువడిన శాన్‌ఫ్రాన్సిస్కో ప్రకటన, పత్రిక ఇంపాక్ట్ ఫ్యాక్టర్‌తో వ్యక్తులను అంచనా వేయవద్దని కోరింది. 2015 నాటి లైడెన్ మేనిఫెస్టో పది సూత్రాల్లో ఒకటి, స్థానిక ప్రాముఖ్యం గల పరిశోధనను కాపాడాలన్నది. అంకె నిపుణుల తీర్పుకు తోడుండాలే గాని దాని స్థానాన్ని ఆక్రమించకూడదన్నది మరొకటి. మన ఎంపిక సంఘాలు పాటించదగిన నియమం చిన్నదే. అభ్యర్థి తన మొత్తం పనిలోంచి మూడు రచనలను తానే ఎంచి ఇవ్వాలి. సభ్యులు వాటిని ముందుగా చదివి, చదివినట్టు తెలిసేలా రాతపూర్వకంగా అభిప్రాయం ఇవ్వాలి. ఆ తరువాతే అంకెలు బల్ల మీదికి రావాలి. దీనికి కాలం పడుతుందంటారు. ఒక అధ్యాపకుణ్ణి ముప్ఫై ఏళ్లకు నియమించుకుంటూ మూడు రచనలు చదవడానికి కాలం లేదనడం న్యాయం కాదు.

గ్రంథపాలకులైన మీ ముందు ఒక పని ఉంచి సెలవు తీసుకుంటాను. తెలుగుకు ఉల్లేఖన సూచి లేదని వగచే బదులు దాన్ని మనమే కట్టుకోవచ్చు. 1924 నుంచి 1991 దాకా నడిచిన భారతి సంచికలున్నాయి, ఆంధ్ర సాహిత్య పరిషత్పత్రిక ఉంది, రెండు రాష్ట్రాల విశ్వవిద్యాలయాల్లో బీరువాల్లో ఉన్న సిద్ధాంతగ్రంథాలున్నాయి. భారతితో మొదలుపెట్టవచ్చు. ఒక్కొక్క వ్యాసంలో ఎవరు ఎవరిని పేర్కొన్నారో రాసుకుంటూ, పక్కనే షెపర్డ్ విడిచిపెట్టని సంకేతాక్షరాన్ని మనమూ వేద్దాం: అనుసరించినదానికి ఒకటి, ఖండించినదానికి ఒకటి, సవరించినదానికి ఒకటి, ఆధారసామగ్రిని మాత్రమే తీసుకున్నదానికి మరొకటి. శాసనాల కాలనిర్ణయం మీద, నన్నయ భాష మీద, వ్యావహారిక భాష మీద భారతి పుటల్లో సాగిన వాదాలను ఈ పద్ధతిలో నమోదు చేస్తే ఏ వాదం ఎవరిని కదిలించిందో, ఏది ఎందుకు వీగిపోయిందో కనబడుతుంది. ఈ పనిని యంత్రానికి పూర్తిగా వదలకండి. ప్రతి నమోదుకూ ఆ వ్యాసాన్ని చదివిన ఒక విద్యార్థి ఉండాలి. గ్రంథాలయ శాస్త్రం ఎంఏ చదివేవారిలో ఒక్కొక్కరికీ ఏటా ఒక సంపుటాన్ని అభ్యాసపత్రంగా అప్పగిస్తే, కొన్నేళ్లలో భారతి మొత్తం పూర్తవుతుంది. సంపుటాల పంపకం ఎలా ఉండాలో ఒక ముసాయిదా రాసి తెచ్చాను. దాన్ని గ్రంథాలయ శాస్త్ర విభాగాధ్యక్షులకు అందజేస్తున్నాను.